కైకలూరు సాతాను

తెలుగు తెరమీద సాతాను అనగానే పాతతరం విశ్వాసులకు గుర్తొచ్చే ముఖం నూతన్‌ప్రసాద్‌ది. 1980లో వచ్చిన ‘రాజాధిరాజు’లో ఆయన కొత్త దేవుణ్నంటూ జనంలోకి దిగుతాడు. పళ్లు కొరికి బెదిరించే పని కంటే నవ్వించి, మెప్పించి, పక్కన చేరి మాటల్లో పెట్టే పనే ఆ పాత్రకు ఎక్కువ. వేదికమీద ప్రసంగీకుడు గంటసేపు చెప్పినా ఎక్కని సంగతి, శోధకుడు స్నేహితుడిలా వస్తాడన్న సంగతి, ఆ నవ్వు చూసినవాడికి ఇట్టే ఎక్కింది.

ఆ నటుడు కొల్లేటి ఒడ్డున కైకలూరులో పుట్టినవాడే. అసలు పేరు తాడినాడ వరప్రసాద్. సినిమా తీసిన బాపు పుట్టింది నరసాపురంలో. 1836లోనే బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు గోదావరి డెల్టాలో సువార్త మొదలుపెట్టిన ఊరది. నూతన్‌ప్రసాద్‌తో నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావును కూడా కలుపుకుంటే, తెలుగు సినిమా చూపించిన ఇద్దరు గొప్ప శోధకులూ ఈనాటి ఏలూరు జిల్లా బిడ్డలే అవుతారు. ఆయన మాంత్రికుడిగా నటించిన ‘పాతాళభైరవి’ 1951 నాటిది. రాజకుమార్తెను పెళ్లాడాలంటే సిరి కావాలి. తోట రాముడికి ఉన్నది ఆ ఒక్క కోరిక. మాంత్రికుడు కొత్తగా ఏ కోరికా పుట్టించడు, ఉన్న కోరికనే పట్టుకుంటాడు. ఇస్తానన్నది సిరి, తీసుకోవాలనుకున్నది ప్రాణం. ఎవడైనా తన సొంత ఆశ ఈడ్చుకుపోతేనే శోధనలో పడతాడనీ, ఆ ఆశే గర్భం ధరించి పాపాన్ని కంటుందనీ యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చెప్పేది కూడా ఇదే. సినిమా తీసినవాళ్లకు ఆ పత్రిక సంగతి తెలియనక్కర్లేదు. మనిషి సంగతి తెలుసు.

ఇంత ఉన్నా, ఏలూరు, తాడేపల్లిగూడెం, ఆకివీడు వైపు చాలా సంఘాల్లో సినిమా మాటెత్తితే పెద్దలు ముఖం చిట్లిస్తారు. ‘లోకం’ అన్న ఒక్క మాటలో సినిమా హాలునీ పేకాటనీ సారానీ కలిపి మూటగట్టేస్తారు. బాప్తిస్మం తీసుకున్నాక సినిమాలు మానేశామని సాక్ష్యం చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల పట్టుదలను తేలిగ్గా తీసిపారేయకూడదు. కూలి డబ్బులు ఇంటికి చేరకుండా హాల్లోనూ పక్కనున్న సారా దుకాణంలోనూ ఆవిరైపోయిన రోజులు కళ్లారా చూసినవాళ్లు వాళ్లు.

అయితే ఇదే సంఘాలు ‘కరుణామయుడు’ను నెత్తిన పెట్టుకున్నాయి. దర్శకుడు ఎ. భీంసింగ్ 1978 జనవరిలో కన్నుమూశారు. సినిమా ఆ డిసెంబరులో విడుదలైంది. విజయచందర్ యేసుగా నటించిన ఆ చిత్రం హాళ్లతో ఆగలేదు. సువార్త బృందాలు ప్రొజెక్టరు, తెల్లగుడ్డ తెర మోసుకుని ఊరూరా తిరిగాయి. హిందీలో ‘దయాసాగర్’ అయింది, మరెన్నో భారతీయ భాషల్లోకి వెళ్లింది. తెర కట్టడం తప్పా ఒప్పా అన్న తగువు అప్పుడే తీరిపోయింది. యేసు కథకు పనికొచ్చిన తెర, పాపం మనిషిలోకి ఏ దారిన వస్తుందో నేర్పడానికి మాత్రం ఎందుకు పనికిరాదు?

‘లక్కీ భాస్కర్’నే చూడండి. 2024 అక్టోబరు 31న వచ్చిన ఈ సినిమాను మన కుర్రాళ్లు ఫోన్లలో ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. ఎనభైల చివరి బొంబాయి. భాస్కర్ బ్యాంకు క్యాషియరు. ఇంటి నిండా బాధ్యతలు, వీధి నిండా అప్పులు. అప్పులవాళ్లు నలుగురిలో అవమానిస్తారు. వస్తుందనుకున్న ప్రమోషన్ ఇంకొకడికి పోతుంది. అప్పుడు ఒకడు వ్యాపారానికి పెట్టుబడి కావాలంటాడు. సెలవుకు ముందు బ్యాంకు డబ్బు తీసి, మళ్లీ బ్యాంకు తెరిచి లెక్క చూసేలోపు పెట్టేస్తే సరి. దొంగతనం అనడానికి కూడా నోరు రాదు, తిరిగి పెట్టేసేదే కదా! డబ్బు తిరిగి పెడతాడు కూడా. రూపాయి తగ్గలేదు, ఎవరూ పట్టుకోలేదు, ఇంట్లో అప్పు తీరింది. సినిమాలో అన్నిటికన్నా భయపడవలసిన చోటు అదే. తర్వాత వచ్చే కోట్ల కుంభకోణం ఆ మొదటి తడవలోనే ఉంది. కొల్లేటి చేపల చెరువు గట్టుకు గండి పడేది వరద వచ్చిన రాత్రే అయినా, ఎండ్రకాయ బొరియ అంతకు ముందే పడి ఉంటుంది. కాపలావాడికి ఈ సంగతి తెలుసు, అందుకే ఎండాకాలంలోనూ గట్టు చుట్టూ తిరుగుతాడు.

యెహోషువ గ్రంథం ఏడో అధ్యాయంలో ఆకాను ఒప్పుకోలు ఈ వరసలోనే నడుస్తుంది. దోపుడుసొమ్ములో మంచి పైవస్త్రం, వెండి, బంగారు కమ్మి కంటబడ్డాయి, ఆశపడ్డాడు, తీసుకున్నాడు, డేరాలో పాతిపెట్టాడు. మూడువేల ఏళ్లనాటి సైనికుడికీ బొంబాయి క్యాషియరుకీ అడుగుల వరస మారలేదు. కానీ సినిమా ఒక్కచోట చేయి వదిలేస్తుంది. భాస్కర్ తప్పించుకుంటాడు, డబ్బుతో దేశం దాటతాడు, హాలు చప్పట్లు కొడుతుంది. డబ్బు చేరాక ఇంట్లో అతని మాట ఎలా మారిందో, భార్య ఎంత నొచ్చుకుందో సినిమాయే చూపించింది. ఇంటికొచ్చేసరికి చప్పట్లు మిగులుతాయి, ఆమె ముఖం మరుపున పడుతుంది. సండే స్కూలు టీచరు గుర్తుచేయవలసింది ఆ ముఖాన్నే.

పాతిపెట్టడం గురించి చెప్పాలంటే ‘దృశ్యం’ ఉండనే ఉంది. 2014లో వెంకటేశ్ చేసిన ఆ సినిమాలో తండ్రి తన కుటుంబాన్ని కాపాడుకోవడానికి అబద్ధం మీద అబద్ధం పేరుస్తాడు. శవం ఎక్కడుందో ఆఖరున తెలిసేసరికి హాలంతా ఊపిరి పీల్చుకుంటుంది. అక్కడ ఆగి ఆలోచించాలి: రెండున్నర గంటలపాటు అబద్ధం గెలవాలని మొక్కుకున్నది మనమే. ఆ తండ్రి మీద జాలిపడటం తప్పని ఎవరూ అనరు. కానీ ఊరియాను యుద్ధంలో ముందు వరసకు పంపిన దావీదుకూ తన పని అవసరంలాగే కనిపించి ఉంటుంది. నాతాను ప్రవక్త నేరుగా నిలదీయలేదు. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న కథ చెప్పాడు. దావీదు కోపంతో ఊగిపోయి తీర్పు చెప్పాక, ఆ మనిషివి నువ్వేనన్నాడు. కథతో పట్టుకోవడం ప్రవక్తలు వాడిన ఉపాయమే. సినిమాను దూరం పెట్టే బోధకులు నాతాను కథ మరోసారి చదవాలి.

ఇక మన సినిమా బొత్తిగా నేర్పలేనిది శోధన నుంచి పారిపోవడం. తెలుగు హీరో పారిపోడు; ఇరవైమందిని కొట్టి నిలబడతాడు. పోతీఫరు ఇంట్లో యోసేపు పైబట్ట కూడా వదిలేసి పరుగెత్తాడు, బైబిలు దాన్ని పిరికితనం అనదు. అరణ్యంలో నలభై రోజులు ఉపవాసమున్న యేసు కూడా అపవాదితో చర్చకు కూర్చోలేదు. మూడుసార్లు ద్వితీయోపదేశకాండం నుంచి పొట్టి జవాబులిచ్చి ముగించాడు. మాట కలిపి నిలబడిపోయినది ఏదెను తోటలో హవ్వ. మాంత్రికుడితో తోట రాముడు, పెట్టుబడి అడిగినవాడితో భాస్కర్ అలాగే మాట కలిపారు. సంభాషణ సాగినంతసేపూ బలం శోధకుడిదే. ఈ ముక్క తెర నేర్పదు, సంఘమే నేర్పాలి.

సినిమాకు చేతకానిది ఇంకొకటి ఉంది: విలన్ లేని పాపం. 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. అయినా అభయారణ్యం లోపల చేపల చెరువుల గట్లు లేస్తూనే పోయి, 2006లో ప్రభుత్వం యంత్రాలతో చెరువులు కొట్టించేదాకా వచ్చింది. ఆ తర్వాతా గట్లు మళ్లీ లేచాయి. పేదల సొసైటీల పేరిట మొదలైన చెరువులు లీజుల మీద డబ్బున్నవాళ్ల చేతికి పోయాయి. తప్పెవరిదంటే వేలు చూపడానికి ఒక్క ముఖం దొరకదు. అందరూ చేస్తున్నారు కాబట్టి నేనూ అన్నవాళ్లే ప్రతి గట్టు మీదా. అందులో ఆదివారం ఆరాధనకు వచ్చి ముందు బెంచీలో కూర్చునేవాళ్లూ ఉన్నారు. పాస్టర్లు ఈ మాట ప్రసంగంలో పేరు పెట్టి చెప్పాలి.

అందరూ చేస్తున్నారన్న ఆ మాటే పండక్కీ వినిపిస్తుంది. సంక్రాంతి దగ్గరపడితే ఏలూరు నుంచి భీమవరం దాకా కోడిపందేల బరులు లేస్తాయి. కోర్టులు వద్దన్నా కత్తులు కడతారు, పక్కనే గుండాట బల్లలు పడతాయి. ఊరికే చూసొద్దామని బయల్దేరిన కుర్రాడు కనుమనాటికి స్నేహితుడి దగ్గర అప్పు చేస్తాడు. ఇప్పుడు బరిదాకా పోనక్కర్లేదు, బెట్టింగ్ యాప్ జేబులోనే ఉంది.

అందుకే భోగికి ముందు వచ్చే యవ్వనస్తుల కూటంలో ప్రసంగం కాస్త తగ్గించి ‘లక్కీ భాస్కర్’ వేయండి. భాస్కర్ మొదటిసారి డబ్బు సంచీలో పెట్టుకునే చోట ఆపి, లైట్లు వేసి, అంతకుముందే అతను లేచి వెళ్లిపోగలిగిన చోట్లు ఎన్ని ఉన్నాయో పిల్లలనే చెప్పనివ్వండి. అడిగేది పాస్టరుగారు కాకుండా, సంఘంలో బ్యాంకులో పనిచేసే పెద్దాయనో, అప్పులపాలై తేరుకున్న చెరువు రైతో అయితే మేలు. మిగతా సినిమా ఆ రాత్రి చూపించకపోయినా ఫరవాలేదు.