ఖాళీ అనే మాట

దూరగామి బాంబర్ల స్థావరాల మీద వెలువడే చరిత్రలు దాదాపు అన్నీ ఒకే అచ్చులో పోసినవి. రన్‌వే ఎన్ని అడుగులు, ఏ సంవత్సరంలో ఏ దళం దిగింది, ఏ విమానం ఎన్ని బాంబులు మోస్తుంది, నూనె పోయకుండా ఎంత దూరం పోతుంది – ఈ లెక్కలతో పుటలు నిండుతాయి. అంతకు ముందు ఆ నేల మీద ఎవరున్నారనే ప్రశ్నకు ఒక్క వాక్యం దక్కితే గొప్ప. ఆ వాక్యం కూడా తరచు "అది నిర్జన ప్రదేశం" అనే అంటుంది. యంత్రాలకు జీవితచరిత్రలు రాసి, మనుషులను పుట అడుక్కి తోసే ఈ పనిని చరిత్ర అనడానికి వీల్లేదు. అది స్థావరం కట్టినవాడి జమాఖర్చు పుస్తకం.

మన హిందూ మహాసముద్రంలోనే ఉన్న డియెగో గార్షియాను తీసుకోండి. కన్యాకుమారికి దక్షిణంగా సుమారు 1,800 కిలోమీటర్ల దూరాన, ఛాగోస్ ద్వీపాలలో అది పెద్దది. ఫ్రెంచి తోటల యజమానులు ఆఫ్రికా నుంచీ మడగాస్కర్ నుంచీ బానిసలను తెచ్చి అక్కడ కొబ్బరితోటలు వేయించారు. బానిసత్వం రద్దయిన తర్వాత హిందూదేశపు కూలీలు కూడా వెళ్లారు. ఐదారు తరాలలో వారంతా కలిసి ఒక జాతి అయ్యారు. వారికి భాష ఉంది, పాట ఉంది, చర్చి ఉంది, శ్మశానం ఉంది.

మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇవ్వబోతూ బ్రిటిషు ప్రభుత్వం 1965లో ఈ ద్వీపాలను దాని నుంచి కోసి తనవద్ద ఉంచుకుంది. మారిషస్ చేతిలో 30 లక్షల పౌన్లు పెట్టింది. 1966 డిసెంబరులో డియెగో గార్షియాను అమెరికాకు 50 ఏళ్లపాటు సైనికావసరాలకు అప్పగించింది. బదులుగా పొలారిస్ క్షిపణుల ధరలో 1 కోటి 40 లక్షల డాలర్లు రహస్యంగా తగ్గించుకుంది. ఒక జాతి ఇంటి వెల అది. ఆ జాతికి మాత్రం ఈ బేరం సంగతి ఎవరూ చెప్పలేదు.

మనుషులున్న ద్వీపానికి ఐక్యరాజ్యసమితిలో జవాబు చెప్పుకోవలసి వస్తుంది. కనుక మనుషులు లేరని చెప్పాలి. అక్కడివారు స్థిరనివాసులు కారు, వచ్చిపోయే కాంట్రాక్టు కూలీలు మాత్రమేనని లండన్ అధికారులు ఒక కథ కట్టారు. 1966 నాటి ఒక అధికారిక కాగితంలో వారిని టార్జన్లనీ, మాన్ ఫ్రైడేలనీ వెక్కిరించారు కూడా. బాంబరు కన్నా ముందు ఆ ద్వీపం మీద పడింది ఈ మాటే. 1971లో ద్వీపంలోని పెంపుడు కుక్కలను పొగపెట్టి చంపించారు. 1968–73 మధ్య పదిహేను వందల మందికి పైబడిన జనాన్ని మారిషస్, సీషెల్స్ రేవులలో దింపి వదిలేశారు. 12,000 అడుగుల రన్‌వే తర్వాత వచ్చింది. 1971 డిసెంబరులోనే ఐక్యరాజ్యసమితి సాధారణ సభ హిందూ మహాసముద్రాన్ని శాంతిమండలంగా ప్రకటించింది. ఆ శాంతిమండలం నడిబొడ్డు నుంచే 1991లో ఇరాక్ మీదికీ, 2001లో అఫ్గానిస్థాన్ మీదికీ, 2003లో మళ్లీ ఇరాక్ మీదికీ బాంబర్లు లేచాయి.

ఇందులో తెలుగువారికేం పని అని అడిగేవారు ఉంటారు. పందొమ్మిదవ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన మన కూలీల సంతతి నేటికీ మారిషస్‌లో ఉంది. అక్కడి బడులలో తెలుగు చెబుతారని మనం వేదికలెక్కి గర్వపడతాం. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది ఆ దేశంలోనే. మరుసటి ఏడే డియెగో గార్షియా నుంచి బి-52లు ఇరాక్ మీదికి వెళ్లాయి. ఇల్లు పోయిన ఛాగోస్ కుటుంబాలు పోర్ట్ లూయీ పేటలలో మనవారి పక్కనే బతికాయి. చెరకుతోటల కష్టాన్ని తలచి కన్నీరు పెట్టే మన సాహిత్యంలో కొబ్బరితోట నుంచి తరిమివేతకు ఎన్ని పుటలు దక్కాయో పాఠకులే లెక్క చెప్పాలి.

డియెగో గార్షియా ఒక్కటే అయితే దానిని ఒక దుర్మార్గుడి పని అని సరిపెట్టుకోవచ్చు. గ్రీన్‌లాండ్‌లోని థూలేలో అమెరికా 1951లో బాంబర్ల స్థావరం కట్టింది. 1953లో అక్కడి వేటగాళ్ల కుటుంబాలకు కొద్దిరోజుల గడువిచ్చి ఉత్తరాదికి తరలించారు. 1968 జనవరిలో నాలుగు హైడ్రోజన్ బాంబులతో వస్తున్న బి-52 అక్కడి మంచు మీద కూలి ప్లుటోనియం చిమ్మింది. ఎదుటి శిబిరం ఇంతకన్నా పవిత్రంగా ఉందా? 1950లలో సోవియట్ ప్రభుత్వం నోవాయా జెమ్ల్యా ద్వీపం నుంచి నేనెత్సు జాతి ప్రజలను ఖాళీ చేయించింది. 1961 అక్టోబరు 30న టుపొలేవ్-95 బాంబరు ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద బాంబును అక్కడే వేసింది. రెక్క మీద ఎర్ర నక్షత్రం ఉన్నంత మాత్రాన బాంబరు శాంతికపోతం కాదు. ఈ మాట అభ్యుదయవాదులమైన మనం గట్టిగా అనకపోతే, అవతలి పక్షాన్ని అడిగే హక్కు మనకు ఉండదు.

ఇప్పుడు మన గుమ్మం దగ్గరికి వద్దాం. రొళ్ల నుంచి వాయవ్యంగా సరిహద్దు దాటి పోతే చిత్రదుర్గం జిల్లా చళ్లకెరె తాలూకా. అక్కడివి అమృతమహల్ కావళ్లు. మైసూరు సైన్యాల ఫిరంగులు లాగిన ఎడ్లకోసం కేటాయించిన గడ్డి మైదానాలవి. హైదర్, టిప్పు పోయినా, తెల్లదొరలు పోయినా, చుట్టుపక్కల పల్లెల గొర్రెలూ పశువులూ ఆ గడ్డి మీదనే బతికాయి. చళ్లకెరె కంబళి ఆ గడ్డి నుంచే పుట్టింది. అందులో వేలాది ఎకరాలను రక్షణ, అణు, అంతరిక్ష సంస్థలకు కేటాయించారు. రక్షణ పరిశోధనా సంస్థ 4,000కు పైగా ఎకరాలలో పైలట్ లేని విమానాల పరీక్షాక్షేత్రం నిర్మించి 2017లో ప్రారంభించింది. మేత పోయిన పల్లెలవారు హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లారు. కాగితం మీద అది ప్రభుత్వ భూమి. గొర్రె కాగితం చదవదు గదా!

చళ్లకెరె, డియెగో గార్షియా ఒకటే అని నేను అనడం లేదు. ఒకటి పరాయి సామ్రాజ్యం చేసిన దొంగబేరం. రెండవది మనం ఓటువేసిన ప్రభుత్వాల నిర్ణయం. దానిని ప్రశ్నించడానికి న్యాయస్థానం ఉంది, పత్రిక ఉంది. ఈ తేడా చిన్నది కాదు. కాని ఆ రెండిటికీ పునాది మాట ఒకటే: "ఖాళీ". దొర భాషలో నిర్జన ద్వీపం, రెవెన్యూ భాషలో బంజరు, పోరంబోకు. పట్టా లేనివాడు మనిషే కాడన్నది ఆ మాటకు అసలు అర్థం.

"దేశరక్షణ వద్దా?" అని గద్దిస్తారు. కావాలి. అయితే రక్షణ ఎవరికోసమో వారినే ముందుగా అడగాలి. భూమి పోయిన తర్వాత పరిహారం గురించి మాట్లాడడం అడగడం కాదు. ఛాగోస్ వారికి బ్రిటిషు హైకోర్టు 2000లో న్యాయం చెబితే, ప్రభుత్వం 2004లో రాణి ఉత్తర్వులతో దానిని తుడిచివేసింది. 2008లో ప్రభువుల సభ ఇద్దరిపై ముగ్గురి మొగ్గుతో ప్రభుత్వాన్నే సమర్థించింది. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం బ్రిటన్ ఆ ద్వీపాలను వదలాలని అభిప్రాయం చెప్పింది. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అందులోనూ డియెగో గార్షియా 99 ఏళ్ల కౌలుకు స్థావరంగానే ఉండాలి. తక్కిన ద్వీపాలకు తిరిగిపోవచ్చునట, ఆ ఒక్క ద్వీపానికి మాత్రం కాదు. ఆ కాగితం మీద జెండా మారింది, రన్‌వే మారలేదు. ఒకసారి కట్టిన స్థావరం ఎంత త్వరగా పోతుందో ఆశపడేవారు ఈ తేదీలను వరసగా చదువుకోవాలి.

2025లో మన రాష్ట్ర ప్రభుత్వం లేపాక్షి–మడకశిర ప్రాంతంలో యుద్ధవిమానాల తయారీకి 10,000 ఎకరాలు ఇవ్వజూపిందని పత్రికలు రాశాయి. ఫ్యాక్టరీ స్థావరం కాదు. అందులో మన పిల్లలకు పని దొరకవచ్చు. బెంగళూరు బస్సెక్కే వలస తగ్గవచ్చు. కరువుసీమలో ఆ ఆశను వెక్కిరించేవాడు మూర్ఖుడు. కాని ఎకరాల లెక్క బయటికి వచ్చినంత వేగంగా మనుషుల లెక్క రాలేదు. ఆ పదివేల ఎకరాలలో వేరుసెనగ వేసేది ఎవరు, గొర్రెలు మేపేది ఎవరు, పట్టా ఎవరి పేరున, సాగు ఎవరి చేతిలో? ఎన్ని ఉద్యోగాలు ఈ తాలూకా వారికి అని రాతపూర్వకంగా ఎవరు చెబుతారు?

ఈ లెక్క తీయడం రచయితల పని కాదని కొందరు పెద్దలు అంటారు. మరి "ఖాళీ" అనే మాటను ఎవరు తయారు చేశారు? భాష తెలిసినవారే. కనుక దానిని విరగ్గొట్టవలసినవారూ భాష తెలిసినవారే. ఒక్కొక్క కావలికీ, బీడుకూ, గుట్టకూ ప్రజలు పెట్టుకున్న పేర్లను, అక్కడ మేసిన మందలను, ఆ నీటికుంటల హక్కులను ముందుగానే రాసి అచ్చువేయండి. సర్వే గొలుసు వచ్చేనాటికి ఆ పుస్తకం గ్రామసభ బల్ల మీద ఉండాలి. ఛాగోస్ వారికి అలాంటి పుస్తకం లేదు. మనకు లేకపోవడానికి కారణం మన సోమరితనం తప్ప మరొకటి కాబోదు.