పేరున్న కోర్సే నిజమైన కోర్సా?

గోల్ఫ్ వీడియో గేమ్ చేతికొస్తే సమీక్షకులు ముందు లెక్కపెట్టేది పేర్లు. అసలు కోర్సులు (నిజంగా ఉన్న గోల్ఫ్ మైదానాలు) ఎన్ని, పేరుమోసిన ఆటగాళ్ళు ఎందరు, ఏ టోర్నమెంటు లైసెన్సు ఉంది? 2014 ఆగస్టులో కెనడాకు చెందిన హెచ్‌బి స్టూడియోస్ ‘ద గోల్ఫ్ క్లబ్’ను విడుదల చేసినప్పుడు ఆ లెక్కలో దానికి సున్నా వచ్చింది. అగస్టా కోర్సు లేదు, టైగర్ వుడ్స్ లేడు. బంతి నడక బాగుంది గానీ ఆట బోసిగా ఉందన్నారు. ఆ తీర్పు తప్పు. నేటికీ అదే కొలబద్ద వాడుతున్నారు కాబట్టే ఈ వాదన.

బంతి నేలను తాకాక ఏం జరుగుతుందన్నదే వాస్తవికత. గట్టి నేల మీద ఎంత ఎగిరింది, వాలులో ఎటు మళ్ళింది, ఎదురుగాలికి ఎన్ని గజాలు నష్టపోయింది? వీటికి సరైన జవాబిచ్చే ఆటకు లైసెన్సు లేకపోతే ఏం లోటు? ఆ గేమ్‌లో స్వింగ్ కొలిచే మీటరు లేదు, ఆడేకొద్దీ బలం పెంచే పాయింట్లూ లేవు. కంట్రోలర్ స్టిక్‌ను వెనక్కి లాగి ముందుకు తోసే చేతివాటమే సర్వస్వం. కొత్తవాళ్ళకు కష్టమని దీన్నీ తప్పుపట్టారు. గోల్ఫే కష్టమైన ఆట. దాన్ని సులువు చేసి చూపితే అది వాస్తవికత ఎలా అవుతుంది?

నాకు ఎక్కువ బాధ కలిగించేది, ఆ గేమ్‌లో కోర్సును సొంతంగా తయారుచేసుకునే సౌకర్యాన్ని అదనపు హంగుగా చూడడం. దాని విలువ మా తనకల్లు వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. మాది ఎర్ర గరుసు నేల. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ అదనుకు పడదు. శనక్కాయ చేను బెట్టకు వాడిపోయే చోట పద్దెనిమిది హోళ్ళ పచ్చికకు నీళ్ళు పెట్టడం అన్యాయం. అందుకే ఇక్కడి కుర్రాడికి గోల్ఫ్ అంటే బెంగళూరులోనో, హైదరాబాదులో గోల్కొండ పక్కనో గేటు అవతల ఉండే ఆట. వాడికి ఆ ఆట దొరికేది తెర మీదే. గేమ్ ఆడే యంత్రం ఖరీదూ తక్కువేమీ కాదు, ఒప్పుకుంటాను. కానీ క్లబ్బు సభ్యత్వంతో పోల్చేంత కాదు. పైగా ఆ తెర మీద ఎడారి నేల ఎంచుకోవచ్చు, గుట్టలు లేపవచ్చు, వంకలు తవ్వవచ్చు. ఆషాఢంలో మా మెరక చేలను ఊపేసే పడమటి గాలి ఎదురైతే ఏ క్లబ్బు (కర్ర) తీయాలో అక్కడే నేర్చుకోవచ్చు.

పచ్చిక లేనిదే గోల్ఫ్ కాదనేవాళ్ళు ఆస్ట్రేలియాలోని కూబర్ పీడీని గుర్తు చేసుకోవాలి. ఓపల్ గనులున్న ఆ ఎడారి ఊళ్ళో నూనె కలిపిన ఇసుకే గుంట చుట్టూ ఉండే ‘గ్రీన్’. ఆటగాళ్ళు చిన్న పచ్చిక ముక్కను వెంట తీసుకెళ్ళి, దాని మీద బంతి పెట్టి కొడతారు. మన దేశంలోనూ నీటి ఎద్దడి ఉన్న చోట్ల ఇసుక ‘బ్రౌన్స్’ మీద ఆడారు.

అసలు కోర్సులు లేవన్న ఫిర్యాదుకు జవాబు ఆటగాళ్ళే ఇచ్చారు. ఈ సిరీస్ తర్వాతి భాగాల్లో, అమెరికా ప్రభుత్వం అందరికీ అందుబాటులో ఉంచిన లైడార్ (లేజర్‌తో నేలను కొలిచే పద్ధతి) కొలతలు తీసుకుని నిజమైన కోర్సుల ఎత్తుపల్లాలను దించేశారు. ఏ లైసెన్సూ లేకుండా, జీతం లేకుండా చేసిన పని అది. సమీక్షలు మాత్రం విడుదలైన వారంలోనే ముగిసిపోతాయి. అందుకే ఈ శ్రమ వాటి మార్కుల్లోకి ఎక్కదు.

లైసెన్సు దండగ అనడం లేదు. పేరు చూసి కొత్తవాళ్ళు వస్తారు. 2018లో ఈ సిరీస్‌కూ గోల్ఫ్ పోటీలు నడిపే పీజీఏ టూర్ పేరు కలిసింది, 2021లో స్టూడియోను 2కె అనే గేమ్ కంపెనీ కొనుక్కుంది. అయినా కోర్సు తయారీని వదల్లేదు. 2023లో ఈఏ కంపెనీ తెచ్చిన పీజీఏ టూర్ గేమ్‌లో విడుదలనాటికి 30 కోర్సులు, నాలుగు మేజర్ టోర్నమెంట్లు ఉన్నాయి, కోర్సు కట్టుకునే సౌకర్యమే లేదు. ఆ ముప్పయ్యీ ఆడేశాక మరో కోర్సు కావాలంటే కంపెనీ ఇచ్చేదాకా కూర్చోవాలి. ఈ లోటుకు ఎన్ని మార్కులు కోస్తారో సమీక్షకులు చెప్పాలి.