ఓబీ గుట్టలు - పచ్చని లెక్కలు

పార్లమెంటులో బొగ్గుగనుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ప్రభుత్వ సమాధానాలలో నాటిన మొక్కల సంఖ్య, హెక్టార్ల లెక్క వినిపిస్తాయి. పత్రికల గ్యాలరీలో కూర్చుండి ఆ అంకెలు వ్రాసుకొనడం నాకు అలవాటైపోయినది. ఆ మొక్కలలో బ్రతికినవెన్ని, ఆ నేల తిరిగి ఎవరికి దక్కినది అన్న ప్రశ్నలు మాత్రం అరుదుగా వినవస్తాయి.

ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గుపై గల రాతిని, మట్టిని తవ్వి ప్రక్కన పోస్తారు. సింగరేణి ప్రాంతపు ఓబీ గుట్టలివే. వీటిపట్ల అలక్ష్యం ఎంత ప్రమాదకరమో 2016 డిసెంబరులో జార్ఖండ్‌లోని లాల్‌మటియా గనిలో తేలిపోయినది. గుట్ట విరిగిపడి 20 మందికి పైగా కార్మికులు మరణించారు.

గుట్టను పచ్చగా చేయు విద్య మనకు కొత్త కాదు. పైమట్టిని ముందే వేరుగా భద్రపరచి, ఏటవాలు తగ్గించి, గడ్డిని, పప్పుజాతి మొక్కలను పెంచి, పిదప స్థానిక వృక్షాలను నాటాలి. త్వరగా ఎదుగునని నీలగిరి చెట్లను వరుసగా నాటితే అడవి కాదు. దాని ఆకును పశువు ముట్టదు.

గని మూసివేతకై సొమ్మును ప్రత్యేక ఖాతాలో జమచేయాలన్న మార్గదర్శకాలు 2009లో వచ్చినవి. తవ్విన నేలపై మరల గడ్డి పెంచాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో ఆదేశించినది. అయితే 1957 నాటి బొగ్గుభూముల సేకరణ చట్టం నేలను తీసుకొను విధానం చెప్పినదే గాని, రైతుకు తిరిగి అప్పగించు బాధ్యతను ఎవరిపైనా ఉంచలేదు. అసలు లోపం ఇక్కడున్నది.

సభ్యులు ఇకనైనా నాటిన మొక్కలను గాక, మూడు వర్షాకాలాలు గడచిన పిమ్మట నిలిచిన చెట్లను లెక్క అడగాలి. ఆ లెక్కను భూమి కోల్పోయిన గ్రామపు గ్రామసభ ఎదుట చదివి వినిపించాలి.