లెక్క తేల్చండి, హక్కును తుంచకండి

ప్రజాధనం ఖర్చులో తప్పు జరిగితే లెక్క అడగవలసిందే. ఆ డబ్బు పేద విద్యార్థి పేరిట ఖర్చయినదైతే మరింత గట్టిగా అడగాలి. అయితే ఆ లెక్కను ఎలా చదవాలన్నదే మా ప్రశ్న.

ఐరోపా సమాఖ్య ఖర్చులను తనిఖీ చేసే ఆడిటర్ల కోర్టు 2022లో 4.2 శాతం, 2023లో 5.6 శాతం లోపాలున్నట్టు అంచనా వేసింది. అది సహించే హద్దు 2 శాతమే. అయినా లోపాల రేటు మోసానికి కొలమానం కాదని ఆ సంస్థ పదే పదే చెబుతుంది. టెండరు పిలవవలసిన చోట పిలవకపోవడం, అర్హత లేని ఖర్చును లెక్కలో చూపడం అక్కడ లోపాలు. మోసమని అనుమానించినవాటిని వేరుచేసి దర్యాప్తు సంస్థలకు అప్పగిస్తారు.

మన దేశంలో ఈ విచక్షణ కరువైంది. మైనారిటీ స్కాలర్‌షిప్పుల విషయంలో పరిశీలించిన 1,572 విద్యాసంస్థల్లో 830 నకిలీవో, పాక్షికంగా నకిలీవో, మూతపడినవో అని తేలింది. 2023లో సీబీఐ కేసు నమోదు చేసింది. నష్టం రూ.144.83 కోట్లని అందులో పేర్కొన్నారు. దోషులను శిక్షించాలి, ప్రతి రూపాయినీ రాబట్టాలి. ఇందులో మాకు రెండో మాట లేదు.

కానీ ఆ 1,572 సంస్థలు యాదృచ్ఛికంగా ఎంచిన నమూనా కావు. అనుమానం కలిగిన వాటినే ఏరి పరిశీలించారు. అందువల్ల సగానికి పైగా నకిలీ అన్న మాట పథకం మొత్తానికి వర్తించదు. ఆ తేడాను విస్మరించి సముదాయం మొత్తాన్నీ బోనులో నిలబెట్టడం అన్యాయం.

ఈ కేసుకు ముందే, 2022లో, విద్యాహక్కు చట్టాన్ని కారణంగా చూపి 1 నుంచి 8వ తరగతి పిల్లల స్కాలర్‌షిప్పును ఆపేశారు. మైనారిటీ వ్యవహారాల శాఖకు 2022–23 బడ్జెట్‌లో రూ.5,020.50 కోట్లు ప్రతిపాదించగా, మరుసటి ఏడాది రూ.3,097.60 కోట్లకు తగ్గించారు. దొంగ కాజేసిన సొమ్ము వేరు, పాలకులు కోసిన సొమ్ము వేరు. మొదటిదాన్ని చూపి రెండోదాన్ని సమర్థించడం చెల్లదు.

గురుకులాలకు కొనే బియ్యం, దుస్తులు, పుస్తకాల విషయంలోనూ ఇదే న్యాయం. నిబంధన తప్పి నామినేషన్‌పై పనులు కట్టబెడితే ఆ తప్పు అధికారిది, గుత్తేదారుది. దానికి విద్యార్థి పూట భోజనం బలికాకూడదు.

దారి మనకు తెలియనిదేమీ కాదు. ఉపాధి హామీ పనులపై గ్రామసభలో సామాజిక తనిఖీ జరపాలని 2005 చట్టంలోని 17వ సెక్షన్ చెప్పింది. దాన్ని ముందుగా ఆచరణలో పెట్టి చూపినది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. మైనారిటీ పథకాలకూ ఆ పద్ధతి వర్తింపజేయాలని, టెండర్లు, బిల్లులు, లబ్ధిదారుల సంఖ్య పాఠశాల గోడమీద తెలుగులోనూ ఉర్దూలోనూ రాయాలని, లోపాన్నీ మోసాన్నీ వేర్వేరుగా ప్రకటించాలని రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ కోరుతున్నాం.

తనిఖీకి మేము భయపడం. మా పిల్లల పేరిట ఎంత వచ్చిందో, ఎవరి చేతికి చేరిందో తెలియాలన్నది అందరికన్నా ముందు మా కోరికే.