మంచు గోపురం మన పిల్లలే కట్టాలి

యానాంలో ఐసు అంటే చేపల పెట్టెల్లో వేసేదే. ఇనుప డబ్బాల్లో నీళ్లు పోసి, చల్లబరచిన ఉప్పునీటి తొట్టిలో దించితే గంటల తరబడి గడ్డకట్టి దిమ్మ అవుతుంది. జనవరిలోనూ మధ్యాహ్నం ఫ్యాను వేసుకునే ఊరు మనది. 1962 ఆగస్టు 16న భారత్‌లో యానాం విలీనం చట్టబద్ధమయ్యాక, ఇచ్చిన ఆరు నెలల గడువులో ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకుని ఇక్కడికి, ఫ్రాన్సుకు వచ్చిన కుటుంబాలు మనలో ఉన్నాయి. వారి మనవలు చలిదేశంలోనే పుట్టారు. అయినా చలికాలం వస్తే ఇల్లు కదలరు.

మన ఫిబ్రవరి సెలవుల శిబిరంలో పిల్లలతో మంచు గోపురం కట్టించి ఎక్కిద్దామన్న ప్రతిపాదనకు ఈ సంచిక మద్దతు పలుకుతోంది. ఇదేమీ వింత కాదు. సవోయ్ ప్రాంతంలోని షాంపాన్యీలో 20 మీటర్లు దాటిన కృత్రిమ మంచు గోపురం మీద ప్రపంచ కప్ పోటీలే జరిగాయి. అమెరికాలోని అయోవాలో ఎక్కడానికి కొండలు లేకపోతే, డాన్ బ్రిగ్స్ అనే విశ్వవిద్యాలయ అధ్యాపకుడు 2001లో ధాన్యం సైలో మీద నీళ్లు వదిలి మంచు గోడ లేపాడు. మన డెల్టా బుర్రకు తట్టాల్సిన ఆలోచన!

కట్టడంలోనే అసలు చదువుంది. గట్టి చట్రానికి వల చుట్టి, రాత్రివేళ సన్నటి తుంపరగా నీళ్లు చల్లాలి. ఒక పొర గడ్డకట్టాకే రెండోది. తొందరపడి కుమ్మరిస్తే సగం నీళ్లు కిందికే జారిపోతాయి. ఎండ తగిలే వైపు ముందుగా గుల్లబారుతుంది. చలి మరీ ముదిరినా మంచిది కాదు. మంచు పెళుసెక్కి, ఎక్కేవాళ్ల మంచుగొడ్డలి దెబ్బకు పెంకులు పెంకులుగా ఊడిపడుతుంది. అందుకే కింద నిలబడేవాళ్లకూ హెల్మెట్ తప్పదు, ఎక్కేవాళ్ల నెత్తిన ఎవరూ ఉండకూడదు.

“మనవాళ్లకి ఇవన్నీ ఎందుకండీ, జలుబు చేస్తుంది” అనే పెద్దలకు ఒక్క మాట. నిజామాబాద్ జిల్లా పాకాల గిరిజన బాలిక మాలావత్ పూర్ణ భువనగిరి రాతికొండ మీద మొదలుపెట్టి, లదాఖ్ చలిలో సాధన చేసి, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లోనే ప్రాణం విడిచాడు. ఆ కొండలకు పేరు ప్రఖ్యాతులతో పనిలేదు. కాబట్టి అర్హత ఉన్న గైడు, తనిఖీ చేసిన తాడు లేకుండా మన శిబిరంలో ఒక్క అడుగు కూడా పైకి పడకూడదు. ఖర్చు ఎక్కువైతే మన వేడుకల వేదిక అలంకరణలో కోత పెట్టుకుందాం. ఏటా పూలకు పోసే డబ్బు తక్కువేం కాదు.

తల్లిదండ్రులకు మనవి: పిల్లల పేర్లతో పాటు మీ పేర్లూ ఇవ్వండి. రాత్రి నీళ్లు చల్లడానికి వంతులకు పెద్దవాళ్లు కావాలి.