స్పెషల్ ఏమిటని అడక్కండి

ఆమధ్య మా మేనల్లుడు హైదరాబాదు నుంచి వచ్చాడు. నిడదవోలు స్టేషన్లో రైలు దిగి, సంచి భుజాన వేసుకుంటూనే అడిగాడు: "మావయ్యా, ఇక్కడ తినడానికి స్పెషల్ ఏంటి?"

నాకు వెంటనే మాట రాలేదు. పక్కనే ఉన్న ఆటో అబ్బాయి నా బదులు చెప్పేశాడు: "ఇక్కడేముందండీ, జంక్షనే కదా! తినాలంటే రాజమండ్రి వెళ్ళాలండి."

ఆ అబ్బాయి ఈ ఊళ్ళోనే పుట్టాడు, ఈ ఊళ్ళోనే రోజూ రెండు పూటలా టిఫిన్ తింటాడు. అయినా ఇక్కడేమీ లేదంటాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. చరిత్ర అడిగితే మా పెద్దవాళ్ళు ఛాతీ విరుచుకుని చెబుతారు: ఇది చాళుక్యుల నిరవద్యపురం, రుద్రమదేవి భర్త వీరభద్రుడి ఊరు, అంటే ఆవిడకి అత్తారిల్లు అని. తిండి సంగతి వచ్చేసరికి అదే నోరు మూతపడుతుంది. కాకినాడకి గొట్టం కాజా ఉంది, తాపేశ్వరానికి మడత కాజా ఉంది, ఆత్రేయపురానికి పూతరేకులున్నాయి, రాజమండ్రికి రోజ్‌మిల్కు ఉంది. మాకేముంది?

ఊరికి పేరు తెచ్చిన పదార్థమే ఆ ఊరి రుచి, అలాంటిది లేని ఊళ్ళో తినడానికేమీ లేనట్టే అన్న నమ్మకం ఈరోజు అందరిలోనూ పాకింది. ఫోను తెరిస్తే ప్రతి వీడియోదీ అదే పాట: ఫలానా ఊరెళితే ఫలానాది తినకుండా రావద్దు. ఈ నమ్మకం తప్పని నేనంటాను. తప్పు మాత్రమే కాదు, మనలాంటి ఊళ్ళకి అది చేటు కూడా.

ముందు, పేరు దేన్నిబట్టి వస్తుందో చూద్దాం. రుచినిబట్టి అనుకుంటాం. కానీ మొట్టమొదట అది నిల్వనిబట్టి వస్తుంది. తాపేశ్వరం కాజా మడత మడతలోనూ పాకం నిండి ఉంటుంది. పంచదార పాకం పట్టినది రోజుల తరబడి పాడవదు. పెట్టెలో సర్దితే అమెరికా దాకా వెళుతుంది. ఆత్రేయపురం పూతరేకు సంగతీ అంతే. బోర్లించిన కుండ మీద పల్చటి బియ్యప్పిండి జారుని గుడ్డతో ఒక్క లాగు లాగి, క్షణంలో ఎండిన పొరను ఒలిచి తీస్తారు. తడి లేని రేకు కాబట్టి నిలవుంటుంది. 2017లో బందరు లడ్డూకి, 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ చేతుల పనితనానికి ఆ గౌరవం రావలసిందే, నాకూ సంతోషమే. కానీ ఒక్కటి గమనించండి. ఇవన్నీ చుట్టాలింటికి పట్టుకెళ్ళే తినుబండారాలు, ఊరు దాటగలిగినవి. పెనం మీంచి దిగిన పెసరట్టు పది నిమిషాలాగితే మెత్తబడిపోతుంది. పొట్లం కట్టిన మిరపకాయ బజ్జీ ఇంటికి చేరేలోపు చెమటపట్టి తోలు జారుతుంది. ఊరు దాటలేనిది ఊరికి పేరెలా తెస్తుంది?

రెండోది కరువు. పుస్తెలమ్మైనా పులస తినాలనే సామెత పుట్టింది గోదావరి ఒడ్డునే. వరద నీటికి ఎదురీదుకుంటూ వచ్చే ఆ చేప ఏడాదిలో కొన్ని వారాలే వలకు చిక్కుతుంది. ఎంత అరుదైతే అంత ధర, ఎంత ధరైతే అంత పేరు. మూడోది రద్దీ. రోజ్‌మిల్కు దాచుకునేదీ కాదు, అరుదైనదీ కాదు. కానీ రాజమండ్రికి గోదావరి స్నానానికీ, ఆసుపత్రికీ, పెళ్ళి బట్టలకీ నాలుగు జిల్లాల జనం వస్తారు. తాగినవాళ్ళు తమ ఊళ్ళకెళ్ళి చెప్పుకున్నారు, పేరు పాకింది.

నిల్వ, కరువు, రద్దీ. పేరు తెచ్చేవి ఈ మూడు. వీటిలో నాలుక పాత్ర ఎంత?

నిడదవోలుకి ఈ మూడూ లేవు. ఉన్నది రైలు మార్గం. కలకత్తా, చెన్నైల మధ్య నడిచే పెద్ద లైను నుంచి తణుకు, అత్తిలి, భీమవరం, నరసాపురం వైపు చీలే దారి ఇక్కడ మొదలవుతుంది. జనం ఇక్కడ దిగుతారు, ఇంకో బండి ఎక్కుతారు. మధ్యలో ఆకలేస్తే తింటారు. కానీ తిన్న ఊరిని కాదు, చేరిన ఊరినే గుర్తుపెట్టుకుంటారు. జంక్షన్ ఊళ్ళకి ఇదొక రాత. ఆ రాతను చూసి రుచి లేదనడం అన్యాయం.

మరి ఇక్కడేముంది? మేనల్లుడికి నేను నోటితో చెప్పలేదు, మర్నాడు పొద్దుట్నుంచి వెంట తిప్పాను.

1852లో పూర్తయిన కాటన్ ఆనకట్టతో విజ్జేశ్వరం దగ్గర గోదావరి నీళ్ళు పశ్చిమ డెల్టా కాలువలోకి మళ్ళాయి. మా వీధి తిండి వెనక ఉన్నది ఆ నీళ్ళే. సార్వా, దాళ్వా రెండు పంటల వరి పండే నేల కాబట్టి ఇక్కడ పొయ్యి మీదకి ఎక్కేది ముఖ్యంగా బియ్యం, నూక, మినుములు, పెసలు. చీకటుండగానే ఇడ్లీ పాత్రల ఆవిరి లేస్తుంది. కాస్త తెల్లారేసరికి పెసరట్లు, వాటి మీద ఉప్మా, పక్కన అల్లం పచ్చడి. ఇంకొంచెం ఓపికుంటే దిబ్బరొట్టె. మినప్పప్పు రుబ్బి, అందులో బియ్యపు రవ్వ కలిపి, మందపాటి మూకుట్లో దళసరిగా పోసి, మూత పెట్టి సన్నటి సెగ మీద వదిలేస్తారు. తొందరపడితే అడుగు మాడి నడుమ పచ్చిగా ఉంటుంది. ఆగితే అడుగు ఎర్రగా, కరకరమంటూ, లోపల దూదిలా వస్తుంది. చెరకు పానకం దొరికినప్పుడు అందులో ముంచుకు తినాలి. సాయంత్రానికి బజ్జీలు, పుణుగులు, మరమరాలూ ఉల్లిపాయా నిమ్మరసమూ కలిపిన ముంత మసాలా.

కాలువ గట్టు దగ్గర నేను తరచూ వెళ్ళే బండి ఒకటుంది. నడిపేది ఓ పెద్దావిడ, అందరికీ ఆవిడ పిన్నిగారే. పొద్దున్న ఇడ్లీ, సాయంత్రం పుణుగులు. రెండింటికీ పిండి ఒకటే. పొద్దుట మిగిలింది మధ్యాహ్నపు వేడికి పులుస్తుంది. అందులో కాస్త బియ్యప్పిండి, జీలకర్ర, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలుపుతుంది. బాండీలో నూనె కాగుతుంటే చిటికెడు పిండి వేసి చూస్తుంది. అడుక్కి పోయి అక్కడే కూర్చుంటే ఇంకా ఆగాలి. వేసీ వేయగానే నల్లబడితే మంట తగ్గించాలి. బుడగలతో పైకి తేలితే అదే అదను. చెయ్యి నీళ్ళలో ముంచి, గుప్పెడు పిండి తీసి, బొటనవేలితో నెడుతూ ఒక్కొక్కటే జారవిడుస్తుంది. పాతికో ముప్ఫయ్యో పడ్డాక ఆపుతుంది. అంతకన్నా వేస్తే నూనె చల్లారి, పుణుగు నూనె తాగుతుంది. సగం కాలినవి వాటంతటవే బోర్లా తిరుగుతాయి, తిరగనివాటిని జల్లిగరిటెతో తాకుతుంది. అంతే, వాయి దిగింది.

"రాత్రికీ పిండి మిగిలితే ఏం చేస్తారు పిన్నిగారూ?" అని మా వాడు అడిగాడు.

"మిగిలేంత రుబ్బను బాబూ" అంది ఆవిడ, తలెత్తకుండానే.

ఆ ఒక్క మాట వెనక ఈ ఊరి లెక్కంతా ఉంది. వాన పడే సాయంత్రం ఎంత పోతుందో, కోతల రోజుల్లో కూలీలు ఎన్నింటికి తిరిగొస్తారో, పరీక్షల నాడు పిల్లలు ఏ వేళకి ఎగబడతారో, తిమ్మరాజుపాలెం కోటసత్తెమ్మ తల్లి తిరునాళ్ళలో ఎన్ని వాయిలు అదనంగా వెయ్యాలో ఆవిడకి కొట్టినపిండే. ఇది పెట్టెలో సర్ది పంపే విద్య కాదు. ఇక్కడ, ఈ జనం మధ్య, ఈ వేళకే పనికొచ్చే విద్య. వీధి తిండి గొప్పతనం దాని పేరులో లేదు, ఈ పొందికలో ఉంది.

ఇక్కడో అభ్యంతరం వస్తుందని తెలుసు. పెసరట్టు, పుణుగు ఏ ఊళ్ళో లేవు? అవి నిడదవోలువి ఎలా అవుతాయి? నేను తిరిగి అడుగుతాను. తెలుగు ఏ ఊళ్ళో లేదు? అయినా నరసాపురం వాడు నోరు తెరిస్తే నరసాపురం వాడని, తుని వాడు మాట్లాడితే తుని వాడని పోల్చుకుంటాం కదా. మాట అందరిదీ, యాస ఎవరిది వాళ్ళదే. తిండికీ యాస ఉంది. ఆ యాస ఎక్కువగా పచ్చడిలో వినబడుతుంది. పది అడుగుల దూరంలో ఉన్న రెండు బండ్ల అల్లం పచ్చడి ఒకటి కాదు. ఒకరు బెల్లం ముందుకి తెస్తారు, ఇంకొకరు చింతపండుని. ఒకరు మిరపకాయ బజ్జీ చీలికలో వాము, చింతపండు ముద్ద పెడతారు, ఇంకొకరు కాయను కోసి ఉల్లిపాయ, వేరుశెనగ గుళ్ళు కూరతారు. ఆ తేడాలు వినే చెవి లేనివాడికే అన్ని ఊళ్ళ తిండీ ఒకటిగా కనిపిస్తుంది.

ఈ స్పెషల్ జబ్బు వల్ల నష్టమేమిటంటారా? అది మూడు చోట్ల తగులుతుంది. మొదట వండేవాళ్ళకి. ఒక బండి వీడియోల్లోకి ఎక్కగానే జనం ఎగబడతారు. వాయి వాయికీ ఆగే తీరిక పోతుంది. ముందే వేయించి కుప్పపోసి, అడిగినప్పుడు మళ్ళీ నూనెలో ముంచి ఇవ్వడం మొదలవుతుంది. ఏ రుచి కోసం జనం వచ్చారో ఆ రుచే పోతుంది. రెండోది తినేవాళ్ళకి. ఊళ్ళో ఒక్కటే తినదగ్గదని నమ్మినవాడు దారిలో ఉన్న పది పొయ్యిల్ని చూడకుండానే దాటిపోతాడు. మూడోది ఊరికి, ఇదే అన్నిటికన్నా పెద్దది. ఏమీ లేదని ఊరే నమ్మితే, రేపు రోడ్డు వెడల్పు చేసేటప్పుడో, ట్రాఫిక్ పేరుతోనో ఆ బండ్లని తోసేస్తే ఎవరికీ బాధ కలగదు. లేనిది పోతే ఎవరేడుస్తారు?

చట్టం మాత్రం వీళ్ళు ఉన్నారనే చెబుతోంది. 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ జనాభాలో రెండున్నర శాతం మంది దాకా వీధి వ్యాపారులకి చోటు చూపించాలి. 2011 జనాభా లెక్కల్లో నిడదవోలు నలభై వేలు దాటిన పట్టణం. అంటే వెయ్యి మందికి చోటన్నమాట. వీధి వ్యాపారుల సర్వే పూర్తయి వాళ్ళకి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. ఆ తర్వాతైనా కదల్చాలంటే ముప్ఫై రోజుల ముందు నోటీసివ్వాలి. పట్టణ విక్రయ కమిటీలో కనీసం నలభై శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి. ఈ హక్కుల్ని వాళ్ళకి గుర్తుచేసి, వాళ్ళ తరఫున నిలబడవలసింది రోజూ ఆ బండ్ల దగ్గర తినే మనమే. మన తిండి మనకే చులకనైతే ఎలా నిలబడతాం?

శుభ్రత మాటేమిటని మీరడుగుతారు. అడగవలసిన ప్రశ్నే, నేను దాన్ని దాటవేయను. పాత పేపర్లో నూనె కారే బజ్జీ పెట్టివ్వడం తప్పు, ఆ సిరా కడుపులోకి పోతుంది. పదే పదే మరిగించిన నూనె తప్పు. అలాంటి నూనెలో పుట్టే టోటల్ పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటకూడదని 2018 జులై నుంచి నిబంధన అమల్లో ఉంది. అది బండికీ వర్తిస్తుంది, ఏసీ హోటల్‌కీ వర్తిస్తుంది. అయితే బండి దగ్గర ఒక మేలుంది. నూనె రంగు, పిండి వాసన, వండేవాళ్ళ చేతులు అన్నీ మన కళ్ళ ముందే ఉంటాయి. హోటల్ వంటగదిలోకి మనల్ని ఎవరు రానిస్తారు? ఇక బండి దగ్గర లేనివి కుళాయి, కాలువ మురుగు సోకని చోటు, చెత్త తీసుకెళ్ళే మనిషి. అవి పిన్నిగారు పెట్టుకోగలిగినవి కావు, పట్టణం ఇవ్వవలసినవి. ఇవ్వవలసినవి ఇవ్వకుండా మురికి అని ముక్కు మూసుకోవడం న్యాయం కాదు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. కొవ్వూరు గోష్పాద క్షేత్రానికీ, రాజమండ్రి రేవులకీ వెళ్ళే జనం ఈ జంక్షన్ మీదుగా వేలల్లో వస్తారు. అప్పుడు రంగుల గుడారాల్లో బయటినుంచి తెచ్చిన దుకాణాలు పెట్టి, ఊళ్ళో రోజూ వండే బండ్లని అడ్డమని పక్కకి నెడితే అంతకన్నా తప్పు ఉండదు. ఈలోపు చేయవలసింది కొండలు పిండే పనేమీ కాదు. కుళాయిలు, దీపాలు, నిలబడడానికి నికరమైన చోటు ఇస్తే చాలు. వంట వాళ్ళకి వచ్చు.

మేనల్లుడు వెళ్ళిపోయే రోజు సాయంత్రం నాలుగున్నరకి నన్ను లేపి మరీ కాలువ గట్టుకి తీసుకెళ్ళాడు. బండి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఈసారి స్పెషల్ అన్న మాటే ఎత్తలేదు.

"పిన్నిగారూ, వాయి ఎప్పుడు దిగుతుందండీ?" అన్నాడు.

ఆవిడ తలెత్తి చూసింది. "రెండు నిమిషాలాగు బాబూ, వేడివేడిగా ఇస్తాను" అంది.

ఏ ఊరెళ్ళినా అడగవలసింది ఆ మాటే. ఊరి పేరు పక్కన ఏముందో కాదు, ఊరి పొయ్యి మీద ఇప్పుడేముందో అడగండి. ఆ రెండు నిమిషాలు ఆగినవాడికి తినడానికేమీ లేని ఊరంటూ ఉండదు.