మాటల పుట్టిళ్లు: పర్ఫెక్టు

పిల్లలూ!

నేను బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో మా క్లాసులో ఒక కుర్రవాడు ఉండేవాడు. తెలివైనవాడు, బొమ్మలు చక్కగా వేసేవాడు. కాని వాడి నోటుపుస్తకం బడి తెరిచిననాడు ఎంత లావుగా ఉండేదో, దసరా సెలవుల నాటికి అందులో సగమయ్యేది. గీత కొంచెం వంకరపోతే చాలు, కాగితం చర్రున చింపేవాడు. ఒకసారి పరీక్షలో భారతదేశపు పటం గీయమన్నాము. వాడు మూడు కాగితాలు చింపాడు. గంట కొట్టేసరికి నాలుగో కాగితం తెల్లగా ఇచ్చి పోయాడు. పటానికి సున్న వచ్చింది.

“ఏమిరా, పటం గీయడం రాదా?” అని అడిగాను.

“వచ్చునండి. పర్ఫెక్టుగా రాలేదండి,” అన్నాడు తల వంచుకుని.

ఈ మాట మీరూ రోజూ వింటూనే ఉంటారు. చొక్కా ఒంటికి సరిపోతే పర్ఫెక్టు. లెక్కకు జవాబు కుదిరితే పర్ఫెక్టు. తప్పు అనేదే లేనిదని మనం దానికి అర్థం చెప్పుకుంటాము. ఇప్పటి ఇంగ్లీషులో ఆ అర్థం ఉన్నమాట నిజమే. 1976లో మాంట్రియాల్ ఒలింపిక్ పోటీలలో రుమేనియా దేశపు పద్నాలుగేళ్ల బాలిక నాదియా కొమనెచి జిమ్నాస్టిక్సులో పదికి పది తెచ్చుకున్నది. అంత మార్కు చూపడానికి అక్కడి బోర్డులో అంకెల చోటు చాలలేదు, 10.00 అని పడవలసినచోట 1.00 అని పడింది! ఆ మార్కును లోకమంతా “పర్ఫెక్టు టెన్” అన్నది.

అయితే ఈ మాట పుట్టిననాడు దాని అర్థం వేరు. రండి, దాని పుట్టింటికి వెళ్లి చూద్దాం.

దాని పుట్టిల్లు రోము నగరం. అక్కడివారి భాష లాటిను. లాటినులో “పెర్” అంటే ఈ చివరనుంచి ఆ చివరదాకా అని అర్థం. “ఫాకెరె” అంటే చేయడం. ఈ రెండూ కలిస్తే “పెర్ఫెక్టుస్” అయింది. అంటే చివరిదాకా చేసినది, చేసి ముగించినది అన్నమాట. చూశారా? తప్పు ఊసు అందులో ఎక్కడా లేదు!

ఆ “ఫాకెరె” పిల్లలు మన ఊళ్లలో కూడా తిరుగుతూనే ఉన్నారు. వస్తువులు చేసే చోటు ఫ్యాక్టరీ. జరిగిపోయిన సంగతి ఫ్యాక్టు. చేసినదానిలో లోటు పడితే డిఫెక్టు. వీళ్లంతా పర్ఫెక్టుకు అన్నదమ్ములే.

ఇక రోమునుంచి ఈ మాట ఇంగ్లండుకు ఎలా చేరింది? దారిలో ఫ్రెంచివారి ఇంట్లో మకాం చేసింది. 1066లో నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండును జయించాడు. అతనితో వచ్చినవారు ఫ్రెంచి మాట్లాడేవారు. చాలాకాలం రాజుగారి కొలువులో ఆ భాషే నడిచింది. అలా వచ్చిన వందల మాటలలో ఇదీ ఒకటి. అప్పుడు దాని రూపం “పార్ఫిట్”. పద్నాలుగో శతాబ్దపు కవి చాసర్, తన కాంటర్బరీ కథలలో ఒక యోధుణ్ణి వర్ణిస్తూ ఈ రూపమే వాడాడు. తరువాత పండితులు లాటిను స్పెల్లింగు చూసి, మధ్యలో “సి” అక్షరం చేర్చారు. జనం క్రమంగా దాన్ని పలకడం కూడా నేర్చుకున్నారు. అప్పు అనే అర్థం గల “డెట్”లో “బి” అక్షరాన్నీ ఇలాగే లాటిను చూసి చేర్చారు. కాని దాన్ని ఎవరూ పలకలేదు. మీరు డిక్టేషనులో ఆ “బి” మరచిపోతే, తప్పు మీ ఒక్కరిదే కాదన్నమాట!

పర్ఫెక్టుకు పాత అర్థం పూర్తిగా పోలేదు. అది మీ ఇంగ్లీషు వ్యాకరణంలోనే దాగి ఉన్నది. “ప్రెజెంట్ పర్ఫెక్టు టెన్సు” చదువుకున్నారు కదా? “ఐ హావ్ డన్ మై హోంవర్క్” అనే వాక్యం చూడండి. నేను ఇంటిపని చేసేశాను అని దాని అర్థం. ఆ ఇంటిపనిలో పది తప్పులు ఉండవచ్చు. మేష్టారు ఎర్రసిరాతో పుస్తకమంతా ముగ్గు పెట్టవచ్చు. అయినా వ్యాకరణం లెక్కలో ఆ క్రియ పర్ఫెక్టే! ఎందుకంటే పని ముగిసింది. మన “చేశాను” పక్కన “చేసేశాను” పెట్టి పలికి చూడండి. ఆ రెండోదానిలో ఉన్న ముగింపే ఇది.

మరి “ఇంపర్ఫెక్టు” అంటే? లాటిను వ్యాకరణంలో ఆ పేరుతో ఒక కాలం ఉన్నది. “నిన్న ఆ వేళకు రాముడు పటం గీస్తూ ఉన్నాడు” అనే వంటి వాక్యాలకు అది పనికివస్తుంది. ఇంపర్ఫెక్టు అంటే చెడిపోయినది కాదు, ఇంకా ముగియనిది. ఈ సంగతి బాగా గుర్తుంచుకోండి.

మన పెద్దలు పర్ఫెక్టుకు “పరిపూర్ణం” అని సాటి చెబుతారు. పూర్ణం అంటే నిండినది. చంద్రుడు నిండిన రోజు పూర్ణిమ. బూరె నిండా ఉండేదీ పూర్ణమే! సంస్కృతం అనే పేరు సంగతి మరీ తమాషాగా ఉంటుంది. “సం” అంటే చక్కగా, “కృతం” అంటే చేయబడినది. లాటినువారిలాగే మనవారూ “చేయడం” నుంచే ఆ మాట కట్టారు.

లెక్కలలోనూ పరిపూర్ణ సంఖ్యలు ఉన్నాయి. 6ను తీసుకోండి. దాన్ని శేషం లేకుండా భాగించే చిన్న అంకెలు 1, 2, 3. వాటిని కూడితే మళ్లీ 6. అలాగే 1, 2, 4, 7, 14 కలిపితే 28. ఏమీ మిగలలేదు, ఏమీ తగ్గలేదు. గ్రీకులు వీటిని “తెలెయోస్” అన్నారు. “తెలోస్” అంటే చివర. ఇక్కడా అదే భావం! 28 తరువాత వచ్చేది 496. దాని సంగతి మీరే కాగితం మీద తేల్చండి.

“అయితే మేష్టారూ, ఎలాగో ఒకలాగ ముగిస్తే చాలునా?” అని మీరు అడగవచ్చు. చాలదు. ఇంగ్లీషులో ఈ మాటనే క్రియగా కూడా వాడతారు. గుణం చెప్పేటప్పుడు మొదటి భాగాన్ని ఒత్తి పలకాలి. క్రియ అయితే రెండో భాగాన్ని ఒత్తాలి. అప్పుడు దాని అర్థం దిద్ది దిద్ది బాగుచేయడం. కాని దిద్దడానికి ముందు కాగితం మీద ఏదో ఒకటి ఉండాలి కదా? చింపిన కాగితాన్ని ఎవరు దిద్దగలరు?

తల్లిదండ్రులకూ ఒక మాట. పిల్ల 98 మార్కులు తెస్తే “ఆ రెండూ ఏమయ్యాయి?” అన్నది మొదటి ప్రశ్న కానివ్వకండి. చింపడం పిల్లలు అక్కడే నేర్చుకుంటారు.

ఆ కుర్రవాడికి నేను నలభై పేజీల పుస్తకం ఒకటి కొని, పేజీలకు వరసగా అంకెలు వేసి ఇచ్చాను. “పటం ఎలా వచ్చినా సరే, రోజుకు ఒకటి. నాకు మాత్రం నలభై పేజీలూ తిరిగి అప్పజెప్పాలి,” అన్నాను. వాడు అప్పజెప్పాడు. మొదటి పేజీలో దక్షిణ దేశం వంకాయలా ఉన్నది. పదో పేజీకి వంకాయ పోయింది. నలభయ్యో పేజీలో రబ్బరు రుద్దిన మరకలు ఉన్నాయి, గుజరాతు తీరం కొంచెం వంకరపోయింది. కాని దేశమంతా ఉన్నది.

దాని కింద నేను ఒకే మాట రాశాను. ఏమిటో మీకు తెలుసు.

వచ్చే నెల మరొక మాట పుట్టింటికి వెళదాం.